బాల్కనీ పలకకు చట్టంలో చోటు ఉన్నదీ లేనిదీ తేల్చమని

విద్యుత్ శాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బాల్కనీ కటకటాలకు కట్టి గోడ ప్లగ్గులో పెట్టుకునే సోలార్ పలక చట్టసమ్మతమో కాదో తెలుపుట, అది తేలేవరకు మా ఇంటి కరెంటు తిరిగి ఇప్పించుట గురించి.

తెల్లవారినప్పటి నుంచి ముసురు. తడి దూదితో పరుపు కుట్టడానికి వీల్లేదు. పని ఆపి ఇది రాస్తున్నాను.

1. మా అక్కకు ఊపిరి చాలదు. పగలంతా ఆక్సిజన్ మిషను నడవాలి. కరెంటు ఖర్చు కొంత తగ్గుతుందని కొట్లో బాహాటంగా అమ్ముతున్న పలకే కొన్నాను. అనుమతి కావాలని అమ్మినవాడు చెప్పలేదు.

2. ఎండ వేళ మా పాత మీటరు చక్రం వెనక్కి తిరగడం చూశాను. శాఖవారికి నష్టం రాకూడదని నేనే ఆఫీసుకు వెళ్ళి చెప్పాను. దానిని నేరాంగీకారంగా తీసుకుని కరెంటు చౌర్యం అని రాశారు. దొంగ పట్టుకుపోతాడు గాని తెచ్చి పెట్టడు కదా అని మనవి చేసుకున్నాను. గుమాస్తా గారు, "నువ్వు కరెంటు వాడేవాడివా, తయారుచేసేవాడివా? ముందు అది తేల్చు" అన్నారు. పరుపులు కుట్టేవాడినండీ అన్నాను. ఫారంలో అలాంటి గడి లేదన్నారు.

3. లైన్ ఆపి స్తంభం ఎక్కినప్పుడు మా పలక వల్ల షాకు కొడుతుందని లైన్‌మన్ భయం. అది న్యాయమైన భయమే. మెయిన్ ఆపి చూపించాను. పలక కూడా వెంటనే ఆగింది. "చూశాను బాబాయ్. నేను చూస్తే చాలదు, రూల్లో ఉండాలి" అని మొన్న సాయంత్రం ఫ్యూజు పీక్కుని వెళ్ళాడు. మెట్ల మీద ఆగి, అక్కకు ఎలా ఉందని అడిగాడు.

4. లైన్ లేనిదే పలక పనిచేయదు. నిన్నటి ఎండంతా దాని మీద ఊరికే పడింది. పక్కవాటా వారు తమ ఇంట్లోంచి వైరు లాక్కోమన్నారు. అది మాత్రం నిజంగా నేరమట. అక్క కిటికీ దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని, "నిన్నెవరు చెప్పిరమ్మన్నార్రా" అంది. మరి మాట్లాడలేకపోయింది.

పలక కూడదంటే నేనే దించుతాను. పెట్టుకోవచ్చంటే కాగితం ఇప్పించండి. ఏదీ తేలలేదంటే ఆ మాటే రాసివ్వండి. ఈలోగా ఫ్యూజు వేయించవలెనని ప్రార్థన. తీరిక చేసుకుని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మూడో అంతస్తు పరుపుల మేస్త్రీ

మరొక మనవి: ఇది మడతపెట్టేలోగా దూది దించిన బండి తిరిగి వెళ్తుంటే, అక్క మిషను ఎక్కించుకుని అందులో మా చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం, వాన తెరిపిచ్చాక.