రొట్టెలు కొడుతుంటే శీను చెప్పిన మాట

మంగళవారం రాత్రి

పొద్దున దీపం పెట్టి, జొన్నరొట్టెలు కొడుతున్నాను. తమ్ముడు శీను వచ్చి పీట మీద కూర్చున్నాడు. చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద లారీ గుద్ది, పక్కనున్న దోస్తు చనిపోయినప్పటి నుంచి వాడు హైవే ఎక్కలేదు. కౌన్సిలింగ్‌కు దవాఖానకు కూడా సందుల్లోంచే నడిచి పోతాడు. వాడు ఆ మాట ఎత్తబోతే చాలు, అమ్మ అశుభమని ఆపి ఉప్పుతో దిష్టి తీసేది.

"అక్కా, మేడం కండ్లు మూసుకొని ఆ రోజంత చెప్పమన్నది. సగమే చెప్పిన. మిగిలింది నీకు చెప్త, జర విను."

విన్నాను. పెనం మీద రొట్టె మాడింది. వాడు చివరిదాకా చెప్పి, ఆ మాడిన రొట్టెనే అడిగి తిన్నాడు. దేవుడా, సంతోషంతో ఇంకా నిద్ర రావడం లేదు. కానీ రేపు వాడు మళ్లీ నోరు మూసుకుంటే...

ఒంటరిగా, గుంపులో, ఇంటివాళ్లతో కలిసి, ఇలా మాట్లాడించే పద్ధతులు చాలా ఉన్నాయట. గురువారం దవాఖానకు మమ్మల్నీ రమ్మన్నారు.

"నేనేం మాట్లాడాలెరా?" సాయంత్రం అమ్మ అడిగింది.

"ఏం మాట్లాడకు, విను. ఉప్పు మాత్రం ఇంట్లనే పెట్టి రా."

అమ్మే ముందు నవ్వింది. అందరం పోవాలని నిర్ణయించుకున్నాం. ఆటోలో, హైవే మీదుగా పోదామన్నది శీనే.