చేపలు పట్టని పడవ

ఒకప్పుడు చేపల పడవకి సరంగుగా పనిచేసిన నేను, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయిస్తున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరుగారు రాసిచ్చారు. మా ఆవిడ మాత్రం ఈ మాట ఎన్నడూ ఒప్పుకోలేదు. దీన్ని అమలుపరిచే బాధ్యత నా కూతురిది.

1. ఇల్లు, అందులోని సామాను నా భార్యకి సర్వహక్కులతో చెందాలి. కిటికీ పక్క కుర్చీ కూడా తనదే. అందులో నన్నెప్పుడూ కూర్చోనివ్వలేదు కనుక కొత్తగా ఇచ్చేదేమీ లేదు.

2. పడవ నా కూతురికి. అమ్మాయీ, అది నిజానికి చేపల పడవ కాదు. యుద్ధంలో నౌకాదళం వాళ్ళు దానికి ఆ వేషం కట్టారు. మన మనుషుల్ని చీకటిమాటున శత్రువుల ఒడ్డున దించి, మళ్ళీ ఎక్కించుకొచ్చేవాళ్ళం. ఎవరికీ చెప్పనని ప్రమాణం చేశాను. ఇక చెప్పుకోవచ్చని మొన్ననే కబురొచ్చింది, దాంతోపాటు ఒక పతకం. ఇంజను నీ చేతికింద బాగుంటుంది. తుక్కు కింద ఎవరికీ ఇవ్వకు.

3. నా దుర్భిణి మా బావమరిదికి. నేను ఎప్పుడు చూసినా బుట్టల అడుగున నాలుగు చేపలతోనే తిరిగొస్తుంటే ‘ఉప్పునీళ్ళ వ్యాపారి’ అని పేరుపెట్టి రేవంతా టముకు వేశాడు. అక్కని చేతకానివాడికి కట్టబెట్టామని నా ఎదుటే వాపోయాడు. ఇకనైనా కాస్త దూరం చూస్తాడని ఆశ. వాడి మీద కోపం లేదని రాయమన్నారు వకీలుగారు. కొంచెం ఉంది.

4. పతకం నా భార్యకి. ఇది ఇవ్వడం కాదు, ఎవరిది వారికి చేర్చడం. పై అధికారులు పడవకి వెలిసిన రంగు వేయించారు, చిరుగుల వల ఇచ్చారు. తిరిగొచ్చేటప్పుడు బుట్టల్లో చేపలుండాలని ఒక్కరికీ తట్టలేదు. రేవు నిండా శత్రువుల వేగులు. మా బుట్టలు ఖాళీ అని వాళ్ళకంటే ముందు తనే చూసింది. మొగుడికి చేపలు పట్టడం రాదనుకుంది. బట్టలు కుట్టిన డబ్బుతో అవతలి రేవులో చేపలు కొని, నాకు భోజనం తెచ్చే గంపలో దాచి, ఎవరూ చూడకుండా మా బుట్టల్లో పోసేది. “వల ఖాళీగా వస్తే వచ్చిందిలే, నువ్వొచ్చావుగా” అనేది. నా పరువు కాపాడుతున్నాననుకుంది. కాపాడింది మా అందరి ప్రాణాలు. ఆ సంగతి ఈ రోజుకీ తనకి తెలియదు.

5. ఇదంతా నా తదనంతరం చదవాలట. మిగతావి అలాగే కానివ్వండి, నాలుగోది మాత్రం కుదరదు. నేను పోయాక ఎవరో చదివి వినిపిస్తే తను ఎవర్ని కోప్పడాలి, ఎవరి భుజం మీద ఏడవాలి? ఇన్నాళ్ళూ దాచినందుకు తిట్టే హక్కు తనకుంది, ఆ తిట్లు తినే హక్కు నాకుంది. సంతకం కాగానే ఇంటికెళ్ళి, పక్కన కూర్చుని, నేనే చదువుతాను.

తేదీ: నవంబరు మూడు

(సంతకం) సరంగు

సాక్షులు: మందుల షాపు యజమాని, రేవు గుమాస్తా