ఐసు ఫ్లాస్కులో కల్లు

తార్నాక, 4-3-1968

తమ్ముడు ఇన్నయ్యకు అక్క అమృతమ్మ దీవించి రాయునది. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం నిలబడే ఉన్నాం, కూర్చునే తీరిక లేదు.

నిన్నటి పొద్దు సంగతి రాస్తాను. రోజూ అంతే. ఐదున్నరకు దీపం పెట్టి జపం మొదలుపెట్టానో లేదో, గోడ అవతల నుంచి సోమయాజులు గారు పిలిచారు. ఆయన యూనివర్సిటీలో లెక్చరరు, ఈ వరసలో ఫోను వాళ్లింట్లోనే ఉంది. "మౌలాలి నుంచి ఫోనండీ, కల్లు ఇస్తారట" అన్నారు. నీ మేనల్లుడు రాజలింగం అప్పటికే రామంతాపూర్ పోయాడు. ఆసుపత్రిలో వాడి ఉద్యోగమే అది. కల్లు ఎవరిస్తారు, ఏ బండిలో తేవాలి, ఎన్ని గంటల్లో చేరాలి, అన్నీ వాడే చూడాలి. వాడు లేనప్పుడు నేను. హాస్టల్ మెస్సు నుంచి ఐసు తెప్పించి, ఫ్లాస్కులో నింపి, పక్క వీధిలో ఉండే ఆసుపత్రి డాక్టరును రిక్షా ఎక్కించాను. ఆయనే స్వయంగా పోయి తీస్తాడు. ఎండ తగలనివ్వకూడదు. ఇంతా అయ్యాక చూస్తే దీపం కొండెక్కింది.

అమ్మ కంట్లో పువ్వు ముదురుతోంది కదా. ఆపరేషన్ అంటే రెండేళ్లుగా రానంటోంది. మన డాక్టరు బదిలీ మీద నెలాఖరుకు పోతాడు. ఆలోగా వస్తే అమ్మకూ మంచి కల్లు ఇప్పిస్తానని మాటిచ్చాడు. పంపించు.

అమృతమ్మ

తా.క. రాజలింగం నిన్న కంచం ముందే నిద్రపోయాడు. కల్లు పని అట్లాంటిది.

8-3-1968

అక్కకు ఇన్నయ్య దండం పెట్టి, కోపం ఆపుకుని రాయునది.

నా మెడలో తులసిమాల వేయించింది నువ్వే. ఆనాటి నుంచి ఈ ఇంట్లోకి కల్లు ముంత రానివ్వలేదు, అమ్మకు కూడా చుక్క పోయలేదు. నువ్వేమో దీపం పెట్టిన చేత్తో కల్లుకు ఐసు పెడుతున్నావు. లెక్చరరు గోడ మీంచి కబురు చెప్తాడు, డాక్టరు పోయి తీస్తాడు. పట్నం చెడిందని విన్నాను గాని, చదువుకున్నవాళ్ల నుంచి మొదలైందని తెలియదు. రాజలింగం కంచం ముందు నిద్రపోయాడట. మా ఊళ్లో దాన్ని నిద్ర అనరు.

అమ్మను పంపను.

ఇన్నయ్య

తా.క. మంచి మాటలుంటాయని నీ ఉత్తరం భజనలో పెద్దగా చదివాను. కల్లు గీసే గట్టయ్య ఒకటే అడుగుతున్నాడు, డాక్టరుకు చెట్టెక్కే మోకు ఎవరు కట్టారని.

తార్నాక, 12-3-1968

చిరంజీవి ఇన్నయ్యకు అక్క ఓపిక తెచ్చుకుని రాయునది.

అవి కండ్లు, నాయనా. మన ఇంట్లో కండ్లే అంటాం. సోమయాజులు గారు కోస్తా మనిషి, కళ్లు అంటారు. ఉత్తరంలో ఆయన మాటయితే మర్యాదగా ఉంటుందనుకున్నాను. ఆ మాటలో మాత్రం ళ రాయవలసిన చోటల్లా ల రాశాను.

పోయినవాళ్ల కండ్లు ఇంటివాళ్లు ఇస్తే, డాక్టరు తీసి సీసాలో పెడతాడు. ఐసులో పెట్టి తెస్తే, ఆ కంటి పైపొరను అమ్మలా పువ్వు పడ్డవాళ్లకు వేస్తారు. మౌలాలిలో ఒక తల్లి, పోయిన కొడుకువి ఇచ్చింది. ఫ్లాస్కు మూత తానే బిగించిందట. అది విన్నప్పటి నుంచి నాకు జపం మీద మనసు నిలవడం లేదు.

అమ్మను పంపించు. డాక్టరు పోతే ఉన్న చూపూ దక్కదు.

అమృతమ్మ

తా.క. ఇది కూడా భజనలో చదువు. మోకు సంగతి తేలిపోవాలి.

16-3-1968

అక్కకు ఇన్నయ్య తల వంచుకుని రాయునది.

నీ మొదటి ఉత్తరం విన్ననాడే అమ్మ మూట కట్టింది. "కోతలంటె రాను గని, పెద్దబిడ్డ ఐసుల వెట్టిన కల్లు తాపిస్తనంటె ఎందుకు పోను? నువ్వయితె రెండేండ్లాయె చుక్క పొయ్యకపోతివి" అన్నది. నీ రెండో ఉత్తరం అందేసరికి గుమ్మం దాటుతోంది. అది ఆమెకు చదవలేదు. అబద్ధమాడలేదు, జేబులో పెట్టుకున్నాను. గట్టయ్య సికింద్రాబాద్ లష్కర్ వస్తున్నాడు, వాడి తోడుగా రైలెక్కిస్తున్నాను.

ఇన్నయ్య

తా.క. ఈ ఉత్తరం అమ్మ చేతికే ఇస్తున్నాను. చదువు రాదు గనక భయం లేదు.

తార్నాక, 17-3-1968

ఇన్నయ్యకు అక్క దీవించి రాయునది.

నీ ఉత్తరమూ అమ్మా ఒకేసారి అందారు. రాజలింగం చేతిలో ఫ్లాస్కు చూసి, "గిదేనా? పొయ్యి మరి" అన్నది. నాకూ అబద్ధం రాదు, చెప్పేశాను.

"కండ్లా" అని ఫ్లాస్కును చేత్తో తడిమింది. మౌలాలి తల్లి సంగతి విని, "ఇంక పిల్లలున్నరా ఆమెకు?" అని అడిగింది. ఒక్కడేనన్నాను. "గసొంటామె ఇయ్యంగ లేంది, నేను వెట్టిచ్చుకునుడు ఎంత. గని బిడ్డా, కల్లు కల్లే."

సాయంత్రం అందరం కూర్చుని నిర్ణయించాం. కండ్లు వచ్చిన రోజే అమ్మకు ఆపరేషన్. డాక్టరు సరేనన్న రోజున ఒక ముంత. అది గట్టయ్య చెట్టుదే కావాలట, తెచ్చేది నువ్వేనట. కబురు అందగానే పొద్దుటి ప్యాసింజరు ఎక్కు, రాజలింగం టైము చూశాడు. ఎండ తగలనివ్వకు. మాల తీయనక్కరలేదు.

అమృతమ్మ

తా.క. గట్టయ్యతో కొత్త ఫ్లాస్కు పంపుతున్నాను. మీద చీటీ నేనే అంటించాను: కల్లు. ఈసారి తప్పు లేదు.