నీ కంప్యూటర్‌కి కొత్త కార్డు

ఒరేయ్ చిన్నోడా,

అన్నం తింటూ కూడా "అక్కా, ఇది చూడు" అని ఫోన్‌లో బొమ్మ చూపించి విసిగించేవాడివే, ఆ గ్రాఫిక్స్ కార్డు ఇవాళ తెచ్చాను. నిన్న నీ సంవత్సరీకం పెట్టాం. నీకిష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించాక అమ్మ నా వైపు తిరిగి, "వాడు అడిగినవాటిలో అదొక్కటే మిగిలిపోయిందే, తెచ్చి పెట్టు" అంది. బ్రాడీపేటలో నువ్వు షోకేసు అద్దానికి ముక్కు ఆనించి చూసే షాపులోనే కొన్నాను. ఇటుకంత బరువుందిరా! ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. నువ్వే ఉంటే నన్ను ముట్టుకోనిచ్చేవాడివా అసలు?

నీలాగే వీడియో చూస్తూ కంప్యూటర్ కేబినెట్ మూత విప్పాను. పాత కార్డు ఫ్యాన్ల నిండా ఎర్రటి దుమ్ము. మనింటి ముందు మిరపకాయల లారీలు తిరుగుతూనే ఉంటాయి కదా. మూత తీసినప్పుడల్లా ఆ ఘాటుకి నువ్వు తుమ్మేవాడివి, అమ్మ ఏ పనిలో ఉన్నా అక్కణ్ణించే "చిరంజీవ" అనేది.

ఇవాళ నాకూ తుమ్మొచ్చింది.

"చిరంజీవ, చిన్నోడా!" అంది అమ్మ వంటింట్లోంచి.

వెంటనే గరిటె చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి పోపు మాడిన వాసన వచ్చింది.

కొత్త కార్డు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. మళ్ళీ తుమ్ము వస్తుంటే, అమ్మకి వినపడకుండా ముక్కు గట్టిగా నొక్కి పట్టుకున్నానురా.