సార్ కట్టిన కట్టు

ఆగస్టు 11, ఆదివారం

కరపత్రాలు వచ్చాయి. నాలుగు కట్టలు. ఎల్లారెడ్డి, లింగంపేట మండలాలు రెండింట్లో పంచే పని నాదే. ప్రెస్సు వాసన ఇంకా పోలేదు. పైన పెద్ద అక్షరాలతో: దెబ్బ తగిలితే దవాఖానకు ఎప్పుడు? కింద: రచన కృష్ణమోహన్, ప్రశ్న వేదిక, కామారెడ్డి జిల్లా.

ఇలాంటి మనిషి వెంట నడుస్తున్నందుకు గర్వంగా ఉంది. స్కూల్లో లెక్కలు చెప్పే సార్. ఆదివారం ఇంట్లో కాళ్లు చాపుకొని టీవీ చూడొచ్చు. అలా కాకుండా ఊరూరా తిరిగి, బాణామతి, చేతబడి అబద్ధమని, పాము కరిస్తే కావాల్సింది మందు, మంత్రం కాదని గొంతు పోయేలా చెబుతారు. నేను ఇంటర్లో ఉన్నప్పుడు నా చేతికి మొదటి కరపత్రం ఇచ్చింది ఆయనే. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది, గోడల మీద బోర్డులు రాసుకొని బతుకుతున్నాను, కానీ చదవడం ఆపలేదు. యోబూ, నీ డిగ్రీ ఆగింది గని చదువు ఆగలే అని సార్ ఒకసారి మీటింగులో అందరి ముందు నాతో అన్నారు. ఆ రోజంతా నాకు ఆకలి కాలేదు.

అందులోని నాలుగో సూచన నాకు నోటికి వచ్చు. "కట్టు కట్టాక నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, వేళ్లు తిమ్మిరెక్కితే, చల్లబడితే, ఇక ఆగొద్దు. కట్టు ఎవరు కట్టారన్నది చూడొద్దు. ఆదివారమని చూడొద్దు. నేరుగా క్యాజువాల్టీకి వెళ్లండి." ఇంత సూటిగా రాయడం సార్‌కే చెల్లింది.

సాయంత్రం నన్ను కన్న అవ్వతో గొడవ. పక్కింటి అనసూయమ్మ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంటే, అవ్వ ఆమెను వాగవతల పసరు కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయి వచ్చింది. ఇంట్లో నాలుగు కట్టల కరపత్రాలు పెట్టుకొని! ఒళ్లు మండింది. బీడీల చాట పక్కకు తోసి అరిచాను. మూఢురాలివి అన్నాను. దేశం ఇట్లా ఉన్నది నీలాంటి వాళ్ల వల్లే అన్నాను. అవ్వ తల ఎత్తలేదు. దేశం సంగతి నాకేం ఎర్క కొడుకా, ఆ చాట జర ఇటు జరుపు, లెక్క తప్పితె బీడీల ఠేకేదారు నా పానం తీస్తడు అన్నది. చెల్లె కృపాజ్యోతి పుస్తకం అడ్డం పెట్టుకొని కిసుక్కున నవ్వింది.

ఆగస్టు 14, బుధవారం

లింగంపేట బస్టాండులో పంచాను. ఒకాయన నా ముందే కరపత్రంలో పల్లీలు పోసుకున్నాడు. కొట్టబోయి ఆగాను.

ఆగస్టు 18, ఆదివారం, సాయంత్రం

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టు ఉంది.

స్కూలు ప్రహరీ మీద గోడ రాత. "దెబ్బ దాచకు, దవాఖానకు నడు." అది అయిపోయింది. కింద సార్ పేరుకు జాగా వదిలి, నిచ్చెన మొదటి మెట్టు మీద వంగి ఉన్నాను. సార్ కారు వెనక్కి వచ్చింది. ఎల్లారెడ్డిలో అందరికీ తెలిసిన తెల్ల కారు. నిచ్చెనను గుద్దింది. నిచ్చెనకూ గోడకూ నడుమ నా కుడి ముంజేయి.

స్టీరింగ్ దగ్గర సార్ కొడుకు సిద్దార్థ. ఇంటర్ చదువుతున్నాడు. లైసెన్స్ లేదు. సార్ పక్క సీట్లో కూర్చొని నేర్పిస్తున్నారు.

సార్ పరుగెత్తుకొచ్చారు. వేళ్లు ఆడుతున్నయి, ఎముక విరగలే అన్నారు. క్యాంపులకు తెచ్చే కిట్ తీసి, అట్టముక్క పెట్టి, క్రేప్ బ్యాండేజ్ గట్టిగా చుట్టారు.

దవాఖానకు పోదామా సార్ అన్నాను. ఇప్పుడొద్దు తమ్మీ అన్నారు. క్యాజువాల్టీకి పోతే ఎం.ఎల్.సి. అని పోలీసు కేసు కాయితం రాస్తరు, స్టేషన్‌కు ఫోన్ పోతది, లైసెన్స్ లేని పిల్లగానికి కారిచ్చిన్నని కేసు నా మీద పడ్తది. బెస్ట్ టీచర్ లిస్టుల నా పేరు పైకి పోయింది. సెప్టెంబర్ ఐదు దాక నా పరువు నీ చేతుల ఉన్నది. రేపు తెలిసిన డాక్టర్‌కు నేనే చూపిస్త.

సార్ నన్ను ఒకటి అడగడం ఇదే మొదటిసారి. అంత నొప్పిలోనూ సంతోషం అయింది.

అదే రోజు, దీపాలు పెట్టే వేళ

అవ్వ చూసి నెత్తి కొట్టుకుంది. నడు బిడ్డా, పసరు కట్టు కట్టిపిద్దాం, ఆటో పిలుస్త అన్నది. మళ్లీ మూఢురాలివన్నాను. కృప, గట్లయితె దవాఖానకన్న నడువు అన్నది. సార్ రేపు చూపిస్తామన్నారు, కారు మాట బయట ఎక్కడా అనొద్దు అన్నాను. దేవుడు లేడంటవు, సార్‌కు మాత్రం పొద్దుమాపు మొక్కుతవు గదనే అన్నా అన్నది. చెంప మీద ఒకటి ఇచ్చేవాణ్ణి. చెయ్యి లేవలేదు.

ఆగస్టు 19, సోమవారం, తెల్లవారుతుండగా

చెయ్యి లోపలికి ఎవరో పంపుతో గాలి కొడుతున్నారు. కట్టు కింద జాగా లేదు. వేళ్లు తిమ్మిరి. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి.

కరపత్రం తీసి నాలుగోది చదివాను. మళ్లీ చదివాను.

సార్‌కు ఫోన్ చేశాను. భయానికి గట్ల అనిపిస్తది, వాపు ఉంటది, కట్టు మాత్రం విప్పకు, విప్పితె ఎముక జరుగుతది అన్నారు. విరగని ఎముక ఎట్లా జరుగుతుందో నేను అడగలేదు. ప్రశ్న వేదిక మండల కార్యదర్శిని. అడగలేదు. నాలుగో సూచన మాత్రం చదివి వినిపించాను. సార్ నవ్వారు. అది జనం కోసం తమ్మీ, రాసినోన్ని నేనే గద, నాకు తెల్వదా అన్నారు.

ఆయనకు తెలుసు. ఆగుతాను.

అదే రోజు, పొద్దెక్కాక

వేళ్లు నావి కావు.

ఆగస్టు 24, శనివారం, కామారెడ్డి

ఆస్పత్రి మంచం. కృప నోట్‌బుక్ కింద అట్ట పట్టుకుంటే రాస్తున్నాను.

ఆ సోమవారం రాఖీ పండుగ. నాకు గుర్తే లేదు. మా ఇంట్లో గోడకు సిలువ ఉంటుంది, బోనాల నాడు అవ్వ బోనం కూడా ఎత్తుతుంది, కృప మాత్రం చిన్నప్పటి నుంచి ఒక్క ఏడు కూడా రాఖీ వదల్లేదు. కట్టడానికి నా వేళ్లు పట్టుకుంది. పట్టుకొని చాలాసేపు వదల్లేదు. నేను గిల్లుతున్న, నీకు ఎర్కయితలేదా అన్నా అని అడిగింది. కాలేదు. రాఖీ నోట్లో పెట్టుకొని రోడ్డు మీదికి ఉరికింది. ఆటోలో ఎక్కించేటప్పుడు నేను సార్ వస్తారు, ఆగు అంటూనే ఉన్నాను. సార్ వచ్చేదాక ఈ చెయ్యి ఉండదు, నోరు మూసుకొని కూసో అన్నది. నాకంటే మూడేళ్లు చిన్నది.

ఎల్లారెడ్డి దవాఖానలో డాక్టరమ్మ కత్తెరతో కట్టు కోసింది. చేతిని ఒక్క చూపు చూసి 108 పిలవమంది. దారిలో సార్ ఫోన్. నిచ్చెన మీదికెల్లి పడ్డ అని చెప్పు, కట్టు నేను కట్టిన్నని మాత్రం అనకు అన్నారు. లింగంపేట దాటేటప్పుడు కిటికీలోంచి బస్టాండు స్తంభం కనిపించింది. దాని మీద నేను అంటించిన కరపత్రం. ఒక మూల ఊడి గాలికి ఆడుతోంది.

ఎట్లా తగిలింది అని ఇక్కడ క్యాజువాల్టీలో అడిగారు. నిచ్చెన అన్నాను. కట్టు ఎవరు కట్టారు అన్నారు. నేనే అన్నాను. ఎడమ చేత్తో ఒక్కనివే ఇంత బిగువుగ కట్టుకున్నవా అని డాక్టర్ నా మొహం చూశాడు. కృప కూడా చూసింది. నేను గోడ చూశాను. అదే రాసుకున్నారు.

మోచేతి నుంచి మణికట్టు దాకా పొడవునా కోసి తెరిచారు. ఎముక విరిగిందట. దానికంటే లోపలి కండ ఉబ్బి, ఉబ్బడానికి జాగా లేక, నెత్తురు ఆగిపోవడం పెద్ద దెబ్బ అయిందట. కొంత కండ చచ్చిపోయింది, తీసేశారు. ఆదివారం సాయంత్రమే వస్తే చెయ్యి మొత్తం దక్కేది, ఎందుకు రాలే అన్నాడు డాక్టర్. చదువుకున్నోని లెక్కనే ఉన్నవు గద అన్నాడు.

కోత కన్నా అది ఎక్కువ నొప్పి పెట్టింది.

సెప్టెంబర్ 5, గురువారం

సార్‌కు అవార్డు. శాలువాతో ఫోటో స్టేటస్‌లో పెట్టారు. నేను ఎడమ బొటనవేలితో లైక్ కొట్టాను.

సెప్టెంబర్ 17, మంగళవారం

ఇంటికి వచ్చి వారం అయింది. వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. సాగదీస్తే తెరుచుకుంటాయి, వదిలితే మళ్లీ ముడుచుకుంటాయి. ఫిజియోథెరపీ చేస్తే కొంత వస్తుందంట, మొత్తం రాదంట. బ్రష్ పెట్టి చూశాను. నిలవలేదు. మళ్లీ పెట్టాను. అవ్వ కింద పడిన బ్రష్ తీసి, చూరులో పెట్టింది.

సార్ ఒక్కసారి బత్తాయిలతో వచ్చి గుమ్మంలోనే నిలబడి వెళ్లారు. సిద్దార్థకు పరీక్షలు అన్నారు. ఆయన పోయాక కృప బత్తాయిలు తీసుకుపోయి బర్రెకు వేసింది. కృపతో రెండు రోజులు మాట్లాడలేదు. సార్ ఇబ్బంది నీకేం తెలుసు అన్నాను. అవును, ఇంకా అదే అన్నాను.

సెప్టెంబర్ 29, ఆదివారం

సెకండ్ ఎడిషన్ వచ్చింది. మళ్లీ కట్టలు. మళ్లీ మా ఇంటికే, పంచడానికి. పనికిమాలిన వాణ్ణి అనుకోలేదు సార్, పని ఇచ్చారు అనుకొని ఎంత సంబరపడ్డానో రాయడానికి సిగ్గుగా ఉంది.

కృప పళ్లతో కట్ట సుతిలి తాడు తెంపి ఒకటి తీసింది. నిలబడి చదివింది. తర్వాత కూర్చొని చదివింది. ఏందే, ఏం రాసిండ్రు, ఇటు ఇనేటట్టు చదువు బిడ్డా అన్నది అవ్వ. వద్దు అంటున్నా చదివింది.

చివరి పేజీలో డబ్బా కట్టి వేశారు. "మా హెచ్చరికలను పెడచెవిన పెట్టి, నిరక్షరాస్యురాలైన తల్లి బలవంతంతో పసరు కట్టు కట్టించుకున్న ఎల్లారెడ్డి యువకుడొకరు కుడిచేతిని శాశ్వతంగా పోగొట్టుకున్నాడు. మూఢత్వానికి ఆ కుటుంబం చెల్లించిన మూల్యమిది."

అవ్వ చేతిలో బీడీ విడిపోయి తంబాకు ఒళ్లో పడింది. నేను కట్టిపిచ్చిన్నా అన్నది. మమ్మల్ని అడగడం లేదు. తనను తనే అడుగుతున్నట్టు అన్నది. గిది ఎంతమంది సదువుతరు కొడుకా అని అడిగింది. ఐదు వేల ప్రతులు అని కింద ఉంది.

మూఢురాలు అన్న మాట ముందు నేనన్నదే. సార్ అచ్చు వేయించారు, అంతే. నిచ్చెన అన్నదీ నేనే. కట్టు నేనే కట్టుకున్నానన్నదీ నేనే. ఆయన అబద్ధానికి ఇటుకలన్నీ నేనే మోశాను. నా చెయ్యి తీసుకున్నా ఊరుకున్నాను. ఇప్పుడు మా అవ్వను తీసుకున్నారు.

సెప్టెంబర్ 30, సోమవారం

సార్ ఇంటికి వెళ్లాను. శాలువాకు అద్దం కట్టించారు.

అరవాలనే వెళ్లాను. అవ్వ గురించి ఎట్లా రాశారు సార్ అన్నాను. పేరు ఏడున్నది రా అండ్ల అన్నారు. జనానికి ఒక ఉదాహరణ చూపెట్టాలె, నీ బాధ పదిమందికి అక్కరకొస్తె నీకే మంచిగుండదా అన్నారు. కారు సంగతో అన్నాను. ఏం కారు అన్నారు. మామూలుగా, అటెండెన్స్ తీసుకునేటప్పుడు అడిగినట్టు. దవాఖానల నిచ్చెన అని రాయించింది నువ్వే గద తమ్మీ, నేనున్ననా ఆడ? మందులతోటి తల ఖరాబైనట్టుంది, పండుకో పో అన్నారు.

లోపల సిద్దార్థ ఉన్నాడు. టీవీ సౌండు పెంచాడు.

గేటు దాకా వచ్చి, ఆదివారం లోపల కట్టలు పంచు, లింగంపేటల జనం అడుగుతున్నరు అన్నారు.

ఆరేళ్లుగా ఆ గేటు తీసేటప్పుడు చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాణ్ణి. ఈ రోజు చెప్పులతోనే వెళ్లానని ఇంటికొచ్చాక గమనించాను.

అక్టోబర్ 6, ఆదివారం

పోలీస్ స్టేషన్‌కు రేపు పోతాం, కృప, నేను. నా అబద్ధం నేనే విప్పాలి. ముందు గోడ.

సార్ పేరుకు వదిలిన జాగా అట్లాగే ఉంది. ఆ రోజు జారిన నా రంగు గీత కింది దాకా ఎండిపోయి ఉంది. కృప నిచ్చెన పట్టుకుంది. అవ్వ డబ్బా పట్టుకుంది. ఎడమ చేత్తో ఆ జాగాలో తెల్ల కారు నంబరు రాశాను. పక్కన ఆగస్టు 18.

వంకర పోయింది. నా జన్మలో అంత చెడ్డగా ఏ గోడ మీదా రాయలేదు.

అవ్వ రోడ్డవతలికి పోయి, కొంగు నెత్తి మీదికి లాక్కొని చూసింది. నాకు అచ్చరాలు రావు గని అంకెలొస్తయి కొడుకా, మంచిగ కనవడ్తున్నయి అన్నది.