మీ కుర్చీలో దండ పెట్టనివ్వలేదు

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఉయ్యూరు నుంచి మీ తమ్ముడు మీ ఫోటోకి ఫ్రేము కట్టించి, గంధపు దండతో సహా తెచ్చాడు. మీరు రోజూ ధ్యానం చేసుకునే కుర్చీలో పెట్టబోతే వద్దన్నాను.

"నలుగురూ ఏమనుకుంటారు వదినా?"

"ఏమైనా అనుకోనీ."

అమరావతి మ్యూజియంలో మీరు చూపించిన రాతి పలకలో బుద్ధుడి బొమ్మే లేదు. ఖాళీ ఆసనం, కింద పాదాల గుర్తులు, చుట్టూ దణ్ణం పెట్టేవాళ్ళు, అంతే. "ఆయన కావాలంటే మనమే అక్కడ కూర్చోవాలి" అన్నారు మీరు. ఆ రోజు నవ్వేశాను.

ఇవాళ మీ తమ్ముడు చూస్తుండగానే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాను. నడుం లాగేసింది, మనసు నిలవలేదు, అయినా లేవలేదు.

"మరి ఈ దండ ఎక్కడ వెయ్యను వదినా?" అన్నాడు.

కళ్ళు తెరవకుండానే చెప్పాను. "పట్టుకెళ్ళు. ఈ కుర్చీలో మనిషి ఉంది."