లారీ కింద తుమ్మ మొద్దు

మేరి నాయినకు,

బాగున్నావా? నువ్వు వెళ్లిపోయి పది నెలలు దాటింది. నీ మీద కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు. ఇక ఆగలేక రాస్తున్నాను.

ముందు మంచి కబురు. నీ లారీ తయారైంది... నిన్న ఒక ట్రాక్టరును వీపున మోసుకుంటూ, మెదక్ బజారు మధ్యలోంచి హైదరాబాద్ బయలుదేరింది. ఒట్టు.

నువ్వు పోయిన వారానికే ఊరు దానికి మనిషిని మింగిన బండి అని పేరు పెట్టింది. పాలకు వెళితే అదే మాట, చర్చి మెట్ల మీదా అదే మాట. నీ జ్ఞాపకార్థ కూడికకు వచ్చినవాళ్లు చాయ్ తాగుతూనే దాన్ని పాత ఇనుముకు వేసేయమన్నారు. అందరికంటే ముందు అన్నది నీ తమ్ముడు. రోజూ దాన్ని చూస్తూ ఎట్లా బతుకుతావు వదినా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మంచివాడే. కానీ నాకు ఒళ్లు మండింది. దాన్ని ముక్కలు చేస్తే నువ్వు తిరిగి వస్తావా? రేపు మేరి పెద్దదై అడిగితే ఏం చెప్పాలి, మీ నాయిన ఏదో పిచ్చి పని చేస్తూ పోయాడనా?

అది పిచ్చి పని కాదు. ఆ ఆలోచన పుట్టినప్పుడు పక్కన ఉన్నది నేనే కదా.

టేక్మాల్ దారిలో చెడిపోయిన ట్రాక్టరును లారీ ఎక్కించాలని పదిమంది దూలాలు ఆనించి, తాళ్లతో లాగుతూ పొద్దంతా పాట్లు పడ్డారు, గుర్తుందా? నువ్వు వాళ్లను చూడనే లేదు. పక్క చేనులో ఒక రైతు ఎద్దులను విప్పి, కాడి పైకెత్తి, బండిలోని ఎరువు దించుకుంటున్నాడు. నీ చూపంతా అక్కడే. "సూసినవా, ఎద్దులను ఇప్పి కాడి లేపంగనె బండి ఎట్ల ఎనకకు ఒరిగిందో... లారి గుడ గట్లనె ఒరగాలె. ట్రాక్టర్ దానంతలదే ఎక్కాలె" అన్నావు. ఇరవై ఏళ్లు ఎడ్లబండ్లు చేసిన చేయి నీది. నీకు కాక ఇంకెవరికి తోస్తుంది?

మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత లారీ తెచ్చావు. తొట్టి ఊడబీకి, అడ్డంగా ఇరుసు వేసి, దాని మీద చెక్కా ఇనుమూ కలిపి బల్ల నిలిపావు. బల్లను వెనక్కి ఒరిగిస్తే చివర నేలకు తాకుతుంది. ట్రాక్టరు ఎక్కి ఇరుసు దాటగానే దాని బరువుకే ముందుకు వాలుతుంది. ఊరంతా నవ్వింది. "నవ్వెటోళ్లను నవ్వనియ్. రేపు గీళ్ల ట్రాక్టర్లే దీని మీదికెక్కుతయ్" అన్నావు.

ఇక ఆ రోజు సంగతి... ఎవరికీ చెప్పలేదు. నీకే చెప్పుకోవాలి.

పాపన్నపేట పటేల్ లారీ చూద్దామని వచ్చాడు. షెడ్డులో కుర్చీ లేదు. పటేల్ నిలబడి ఉంటే మనకు కాళ్లూ చేతులూ ఆడవు కదా! లేపిన బల్ల కింద ఆనించే తుమ్మ మొద్దు ఒక పక్కన ఉంది. దాన్ని లాగి, కొంగుతో తుడిచి, ఆయనకు వేసింది నేనే. నేనే. ఇరుసు చూపించాలన్న ఉబలాటంలో నువ్వు బల్ల ముందు భాగం లేపి, సన్నటి కట్టె పోటు పెట్టి కిందికి దూరావు. "మొద్దు పెట్టకుంట కిందికి తల పెట్టినోడు నా షెడ్డుల ఉండొద్దు" అని అందరినీ తిట్టేవాడివి. మరి ఆ రోజు? దూరే ముందు ఒక్కసారి మొద్దు వైపు చూశావు. నువ్వు చూడటం నేను చూశాను. కాస్త లేవమని పటేల్‌ను అడగడానికి నీకు నోరు రాలేదు. నాకూ రాలేదు. కట్టె విరిగింది, బల్ల దబ్బున నీ మీద పడింది. ఒక్క మాట... ఎందుకు రాలేదు?

ఇప్పుడు చెప్పు, నిన్ను మింగింది లారీయా?

అందుకే ఇనుముకు వెయ్యనన్నాను. నీ దోస్తు, మెకానిక్ ఖాజా భాయ్‌ని పిలిచి మిగతా పని ముగిద్దామన్నాను. ఆడదాని మాట వినాలా వద్దా అని రెండు రోజులు గడ్డం గోక్కున్నాడు. మూడో రోజు పానాల పెట్టెతో వచ్చాడు.

మొదటిసారి ఎడ్లబండికి రాళ్లు నింపి, అందరం నెట్టి పైకి ఎక్కించాం. ఇరుసు దాటగానే బల్ల దబ్బున పడింది. అదే చప్పుడు... షెడ్డు బయట కూర్చుని ఏడ్చాను. ఏడ్చి, లోపలికి వచ్చి, బల్ల ముందు ఆనే చోట పాత టైర్లు కట్టించాను. ఇప్పుడది పడదు, మెల్లగా కూర్చుంటుంది. నీకు తోచలేదు చూశావా ఆ టైర్ల సంగతి!

నిన్న పొద్దున ఎవరొచ్చారో చెప్పుకో. ఆ పటేలే. నాట్ల కాలంలో ఆయన ట్రాక్టరు పొగలు కక్కుతూ నాలుగు గజాలకొకసారి ఆగిపోతోందట. హైదరాబాద్ పంపి బాగు చేయించాలని, దాన్ని ఎద్దులతో లాగించుకుని మన షెడ్డుకు వచ్చాడు. మనిషిని మింగిన బండి అన్న నోళ్లలో ఆయనదీ ఒకటి.

ఎండనపడి వచ్చిన మనిషి, చుట్టూ చూశాడు. ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు. మొద్దేమో లేపిన బల్ల కింద ఉంది. నా చేయి కొంగు దాకా వెళ్లింది, పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు కదా... అక్కడే ఆపేశాను. మొద్దు తీసేది లేదని, నిలబడాల్సిందేనని ఆయన ముఖం చూసే చెప్పాను. ఖాజా భాయ్ చేతిలో పానా జారిపడింది. నీ తమ్ముడు నేల చూపులు చూశాడు.

పటేల్ నిలబడ్డాడు.

ఆయన నిలబడి చూస్తుండగానే నేను బల్ల కిందికి దూరి ఇరుసుకు గ్రీజు పెట్టాను. భయం వేసింది. అయినా తొందరపడలేదు, మూల మూలకూ పెట్టాను. బయటికి వచ్చి, ట్రాక్టరు ముందు చక్రాలు బల్ల చివర ఎక్కి దాన్ని అదిమాకే మొద్దు తీశాను. ట్రాక్టరు దగ్గుతూ, ఆగుతూ ఎక్కింది. ఇరుసు దాటింది. బల్ల ముందుకు వాలి టైర్ల మీద కూర్చుంది. నువ్వు చెప్పినట్టే. అచ్చం నువ్వు చెప్పినట్టే...

ఖాజా భాయ్ లారీ నడిపాడు, పక్కన నేను కూర్చున్నాను. నవ్వినవాళ్లందరి ముందు నుంచీ పోనిచ్చి, ఊరు దాటాక దిగి ఇంటికి వచ్చాను.

షెడ్డుకు ఒక కుర్చీ కొందామని నీ తమ్ముడు అంటున్నాడు. వద్దన్నాను. కొన్నాళ్లు ఇట్లాగే ఉండనీ. మొద్దు మాత్రం లారీ కిందే ఉంటుంది. ఎవరొచ్చినా నిలబడే మాట్లాడాలి. ఏ రోజైనా నువ్వే వచ్చినా సరే... ఆ మొద్దు అడగకు, ఇవ్వను.

మేరి అమ్మ